కంపెనీవారి విచారం

మే 6, మంగళవారం

మొదటి క్షమాపణ ఇవాళ వచ్చింది. మా ఊరి రేడియో మరేయాలో, మధ్యాహ్నం చర్చి గంట కొట్టాక, పాత ఫ్రిజ్జులు కొంటామనే ప్రకటనకీ చర్చివాళ్ళ లాటరీకీ మధ్యన.

"గత సంవత్సరం మా చెరువుల పరిసరాల్లో జరిగిన దురదృష్టకర సంఘటన వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే, అందుకు కంపెనీ విచారం వ్యక్తం చేస్తోంది."

అంతే. వెంటనే లాటరీ. చదివిన గొంతు నాకు తెలుసు. గ్వాయకిల్ పట్నంలో పరుపుల షాపుకి ప్రకటనలు చదివేది ఆ గొంతే. పరుపు గురించి చెప్పేటప్పుడు ఇంతకంటే బాధగా చెబుతాడు.

దియోసెలీనా అక్క రేడియో కట్టేసి నా మొహంలోకి చూసింది.

"నువ్వు చెప్పరా. ఇది మనసులోంచి అన్నట్టేనా?"

నన్నే ఎందుకు అడుగుతుందంటే, ఈ లా బోకిటా ఊళ్ళో దొంగ క్షమాపణలు నాకంటే ఎక్కువ చెప్పినవాడు లేడు. ఫాదరు గొంతుతో ఫోను చేసి పెళ్ళి వాయిదా పడిందని చెప్పినందుకు ఒకసారి, తెరేసో పడవకి గులాబీ రంగు వేసినందుకు ఒకసారి, పంచాయతీ అధికారి గొంతుతో ఊరందరికీ సెలవు ప్రకటించినందుకు ఇంకోసారి. ప్రతిసారీ తలొంచుకుని, టోపీ చేత్తో పట్టుకుని, కళ్ళు తుడుచుకుని మరీ చెప్పాను. ఒక్కసారీ బాధపడలేదు. కాబట్టి ఈ సరుకు నాణ్యత నాకు తెలుస్తుంది.

"దెబ్బతిని ఉంటే అన్నాడక్కా. మనం దెబ్బతిన్నామో లేదో వాళ్ళకింకా తేలలేదు."

"నా బిడ్డ పేరు చెప్పాడా?"

"లేదు."

"దొంగ కాదని?"

"అదీ లేదు."

"అయితే కాదని రాసెయ్ జడ్జమ్మకి."

రాశాను. మాకు తృప్తి కలగలేదు, సంతకం, దియోసెలీనా పనేసో. నా చదువు ఆరో క్లాసు దగ్గర ఆగింది గానీ 'కాదు' అని రాయడానికి అది సరిపోతుంది.


మే 7

ఉల్బియో సంగతి నా కోసం నేను రాసుకోనక్కర్లేదు. కానీ కంపెనీవాళ్ళు రాసింది ఎంత బాగా అచ్చయ్యిందంటే, అసలు జరిగింది ఎక్కడో ఒకచోట నా దస్తూరీలోనైనా ఉండాలి.

అక్క కొడుకు, నా మేనల్లుడు ఉల్బియో పోయిన ఆగస్టులో, పోటు నీళ్ళు వెనక్కి తీసిన వేళ, తినే గుల్లలు ఏరడానికి మడ అడవిలోకి వెళ్ళాడు. బుట్ట, చేతి తొడుగులు, దోమలకి కొబ్బరిపీచు పొగ. కంపెనీ రొయ్యల చెరువు గట్టు మీంచి కాపలావాడు కేకైనా వెయ్యకుండా కాల్చాడు. బుట్టలో గుల్లలున్నాయి. రొయ్య ఒక్కటి లేదు. మర్నాడు కంపెనీ కాగితం పంచింది: రొయ్యల దొంగల ముఠాకి చెందిన ఒక వ్యక్తి మరణించాడు. కాపలావాడు జైల్లో ఉన్నాడు. కాగితం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

కోర్టు ఆదేశం అక్క గోడకి అంటించింది. కంపెనీ అదే ఊరి రేడియోలో, మధ్యాహ్నం వేళ, వారం పాటు క్షమాపణ చెప్పాలి. పేరు పెట్టి చెప్పాలి. చేసిన తప్పేమిటో ఏదీ దాచకుండా పూర్తిగా చెప్పాలి. 'ఉంటే', 'అయితే' ఉండకూడదు. అది చాలునో చాలదో తల్లి చెప్పాలి. చాలునంటే ఫైలు మూసేస్తారు.

నిద్ర బాగానే పట్టింది. చెరువుల్లో నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు తెల్లవార్లూ తిరిగాయి. తూర్పు చెరువులోది నడుమ నడుమ ఆగి, దగ్గి, మళ్ళీ మొదలవుతుంది.


మే 18, ఆదివారం

రెండోది. ఈసారి మనుషులే వచ్చారు.

చర్చి ముందు ఫుట్‌బాల్ మైదానంలో పందిరి వేశారు. 'మనమంతా ఒకే కుటుంబం' అని బ్యానరు. మేనేజరు ఇంజనీరు లవాయెన్ తెల్లచొక్కా చేతులు మడిచి, ఫోను చూసి చదివాడు. ముందు ఫొటో తీసుకుందామన్నారు, తర్వాతైతే వెలుతురు పోతుందట. ఫొటోగ్రాఫరు అక్కని "అమ్మా, ఇంజనీరు గారి భుజం మీద చెయ్యి వెయ్యండి" అన్నాడు. అక్క రెండు చేతులూ బుట్ట మీద పెట్టుకుని కూచుంది.

"ఉల్బియో మరణం మనందరికీ తీరని లోటు," అన్నాడు లవాయెన్. "ఇలాంటి సందర్భాల్లో పొరపాట్లు అన్ని వైపులా జరుగుతుంటాయి. వెనక్కి చూసుకుంటూ కూచోకుండా అందరం కలిసి ముందుకి వెళదాం."

ఆయన ముక్కుతో మాట్లాడతాడు. వాక్యం చివరికొచ్చేసరికి ఆఖరి మాట మింగేస్తాడు, మందు బిళ్ళ మింగినట్టు. అనుకరించడానికి ఇంతకంటే తేలికైన గొంతు దేవుడు చెయ్యలేదు.

చివర్న ఇంటికో ప్యాకెట్టు గడ్డకట్టిన రొయ్యలు పంచారు. అప్పుడే వెనక బెంచీలోంచి నేను ఆయన గొంతుతో, "ఈ ప్యాకెట్టు మా విచారం లాంటిదే, కరిగేలోపు వాడేసుకోండి" అన్నాను. మైదానం మొత్తం గొల్లుమంది. లవాయెన్ తన మైకు వంక చూసుకున్నాడు, తనే అన్నాననుకుని.

ఇంటికొచ్చేటప్పుడు తెరేసో నా వీపు తట్టాడు. ఊళ్ళో నన్ను లోరో అంటారు, చిలక అని. "లోరో, అచ్చం ఆయనేరా. ఆయన పెళ్ళాం కూడా మోసపోద్ది."

అక్క మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "నవ్వించావు. ఇప్పుడు అందరికీ నీ మాటే గుర్తుంటుంది. వాళ్ళు నా బిడ్డ పేరు పెట్టి ఏమన్నారో ఎవడికీ గుర్తుండదు" అంది.

"ఏమన్నారని గుర్తుండాలి? ఏమీ అనలేదు గదా."

"ఏమీ అనలేదన్నదే గుర్తుండాలి."

జడ్జమ్మకి మళ్ళీ 'కాదు'. ఒక్క సంగతి మాత్రం రాయలేదు. ఉల్బియో అన్న మాట దగ్గర లవాయెన్ ఫోను చూడలేదు. మిగతాదంతా చూసి చదివాడు, ఆ పేరు చూడకుండా అన్నాడు. దీన్ని ఏ లెక్కలో వెయ్యాలో నాకు తెలీదు. వెయ్యకుండా వదిలేశాను.


మే 29

ఈసారి పేపర్లో వేశారు. మూడో క్షమాపణ. పేజీ అంతా చెట్లు, పక్షులు, నవ్వుతున్న పిల్లలు, మా విలువలు, మా నీళ్ళు, మా రేపు. ఉల్బియో ఎక్కడున్నాడో వెతకడానికి అక్క కళ్ళజోడు తెప్పించుకుంది. లేడు.

కాదు. నా చేతికి ఆ మాట ఎంత అలవాటైందంటే, నేనిచ్చే పడవ మోటారు రిపేరు రసీదు మీద కూడా అదే రాశాను. తెరేసో నవ్వాడు. నేనూ నవ్వాను.


జూన్ 3

రేవులో గుల్లల బుట్టలు వరసగా పెట్టి బేరగాడి కోసం చూస్తారు ఆడవాళ్ళు. అక్క బుట్టకి అటో మనిషి, ఇటో మనిషి పట్టేంత ఎడం ఉంటోంది. ఆగస్టు నించీ అంతే. ఊళ్ళో సగం కొంపలు చెరువుల జీతం మీద బతుకుతున్నాయి, వాళ్ళనీ ఏమనలేం. ఎవరూ ఏమీ అనరు. బుట్ట ఓ మూరెడు జరుపుతారు, అంతే.

ఇవాళ బేరగాడు, అక్క వినేలాగే, "ఇవి నిజంగా మడలోవేనా పిన్నీ, చెరువులోవి గాదుగదా" అన్నాడు. జోకు. నేను వేసే జోకుల కంటే చిన్నదే.

అక్క బుట్ట బోర్లించి గుల్లలన్నీ నేల మీద పోసి, ఒక్కొక్కటే మళ్ళీ ఏరి వేసింది. ఆవిడ ఏరుతున్నంతసేపూ రేవులో ఒక్కరూ కదల్లేదు. నేను పడవ కింద దూరి మోటారు చూస్తున్నాను. ఆ మోటారుకి రోగమేమీ లేదు.

సాయంత్రం నాతో అంది: "నాకు వాళ్ళ ఏడుపొద్దురా. డబ్బూ వద్దు. వాడు దొంగ కాదని వాళ్ళ నోటితో ఒక్కసారంటే చాలు. నేను చచ్చేలోపు."

"అంటారక్కా."

"నువ్వు అబద్ధాలాడేటప్పుడు గొంతు తియ్యగా పెడతావు, తెలుసా?"

నిద్ర బాగానే పట్టింది.


జూన్ 11

ఇవాళ ఏమీ జరగలేదు.


జూన్ 12, గురువారం

నిన్న ఏమీ జరగలేదని రాశాను. జరిగింది.

రేడియోలో జనరేటరు మొరాయిస్తోందని మెల్బా వదిన పిలిచింది. మెల్బా వదిన అంటే రేడియో మరేయా మొత్తం ఆవిడే. వార్తలు, పాటలు, చావు కబుర్లు, తప్పిపోయిన పందుల ప్రకటనలు, అన్నీ. నేను బాగుచేస్తుండగా, "ఒరే లోరో, కాస్త చూస్తూండు, ఎసరు పెట్టొస్తా. గంట కొట్టగానే కంపెనీవాళ్ళది ఆ రికార్డు నొక్కెయ్" అని వెళ్ళింది. మళ్ళీ ఆ పరుపులవాడి రికార్డే. కొంచెం మార్చి పంపారట.

గంట కొట్టింది. రికార్డు నొక్కలేదు. మైకు తెరిచాను.

నవ్వించడానికే తెరిచాను. ఒట్టు. మైదానంలో వేసినట్టే ఇంకో నాలుగు వేద్దామని. ముక్కు బిగించి, "నేను ఇంజనీరు లవాయెన్‌ని మాట్లాడుతున్నాను" అని మొదలెట్టాను. తర్వాత రావలసిన జోకు రాలేదు. బదులుగా ఇది వచ్చింది:

"ఉల్బియో నసారెనో పనేసో దొంగ కాదు. అతను మడలో గుల్లలు ఏరుకుంటున్నాడు. అతని బుట్టలో మా రొయ్య ఒక్కటి లేదు. మా మనిషి కేకైనా వెయ్యకుండా కాల్చాడు. మర్నాడు మేం అతన్ని దొంగ అని కాగితం వేశాం. అది అబద్ధమని తెలిసే వేశాం. దియోసెలీనా గారూ, తప్పు మాది. మీ బిడ్డది కాదు."

తీరా చూస్తే మైకు ముందు నేను నిలబడి ఉన్నాను. కంపెనీ రికార్డు నొక్కకుండా ఒక మరింబా పాట పెట్టాను. మెల్బా వదిన గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"ఆయన ఎప్పుడొచ్చాడు? ఏడీ?"

ఆవిడ నన్నూ, ఖాళీ కుర్చీనీ చూసి, గోడకానుకుని కూలబడింది. "నా లైసెన్సు పోతుందిరా పాపిష్ఠోడా" అంది. కాసేపాగి, "ఇంకోసారి వెయ్యగలవా, నేను మొదట్లో వినలేదు" అంది.

బయటికొస్తే వీధిలో నవ్వే మనిషి లేడు. అందరూ గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. నాకు భయం వేసింది. నా బతుకులో నేను వేషం వేస్తే జనం నవ్వకపోవడం ఇదే మొదలు.

అక్క స్నానం మధ్యలోంచి వచ్చినట్టుంది, జుట్టు నీళ్ళోడుతోంది. "విన్నావా?" అంది. నన్ను వాటేసుకుని, "విన్నావట్రా?" అంది మళ్ళీ.

"విన్నాను," అన్నాను.

తర్వాత పడుకుంది. ఎండ పడమటికి దిగేదాకా లేవలేదు. గురక పెట్టింది.


జూన్ 14

రేవులో అక్క బుట్టని ఆనించి ఇంకో బుట్ట. దాన్ని ఆనించి ఇంకోటి. బేరగాడు తక్కెడ మీదకి మొదట అక్క బుట్టే ఎక్కించాడు. ఎవరూ ఏమీ అనలేదు, ఆగస్టులో అననట్టే.

చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి అక్క పాడుతోంది. రెండోసారి నేనే మూసుకున్నాను.

ఇందులో నష్టమేముంది. మాటలు నిజమే గదా. ప్రతి ముక్కా నిజమే. గొంతొక్కటే కాదు.


జూన్ 17

కంపెనీ లాయరు ఎగాస్ గ్వాయకిల్ నించి వచ్చాడు. బూట్లకి బురద అంటకుండా మెట్టు మీదే నిలబడి మాట్లాడాడు.

"అమ్మా, కంపెనీ క్షమాపణ రేడియోలో వచ్చింది. మీరూ విన్నారు, ఊరూ విన్నది. ఒకటో తారీకు కోర్టులో అదే ముక్క చెబితే చాలు. ఇక ఈ తిరుగుడు మీకూ తప్పుతుంది, మాకూ తప్పుతుంది."

"వారం పాటు చెప్పాలన్నారు గదా," అన్నాను.

"ఒకసారి బాగా చెప్పాక ఏడుసార్లెందుకండీ?"

ఆ క్షమాపణ రాసిందెవరు, ఆయన ఎప్పుడొచ్చి చెప్పాడు, టేపు ఉందా, ఒక్క ప్రశ్న అడగలేదు. తెలియనివాడు అడుగుతాడు. తెలిసినవాడే అడగడు. నేను చేసిన వేషాన్ని నా కళ్ళముందే మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. ఇంతకాలం వాళ్ళు చెయ్యలేని పని వాళ్ళకి ఉచితంగా చేసిపెట్టాను.

"చెబుతానయ్యా," అంది అక్క. "ముందు ఆ ఇంజనీరు బాబుకి దణ్ణం పెట్టుకోవాలి. ధైర్యం చేశాడు పాపం."

ఎగాస్ మొహం ఒక్క క్షణం ఖాళీ అయ్యింది. "ఆయన చాలా బిజీ అమ్మా," అన్నాడు.


జూన్ 21, శనివారం

వద్దన్నాను. ఎండన్నాను, కుక్కలున్నాయన్నాను, ఇంజనీరు ఊళ్ళో లేడన్నాను. అక్క తెల్లారకుండానే కొబ్బరి కోరింది. గుల్లలు కొబ్బరిపాలల్లో ఉడికించి, కొత్తిమీర లాంటి చిల్యాంగ్వా ఆకు వేసి, కుండకి గుడ్డ కట్టింది. కుండ నా చేతికే ఇచ్చింది. గట్టు మీద నడిచి వెళ్ళాం. ఉల్బియో పడిపోయిన చోట అక్క ఆగలేదు. నేనూ ఆగలేదు. కుండ కాలుతోంది.

గేటు దగ్గర కాపలావాడు ఫోను చేస్తే లవాయెన్ తనే బయటికి వచ్చాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకున్నట్టు లేదు. నన్ను చూశాడు, కుండని చూశాడు, అక్క వైపు మాత్రం చూడలేకపోయాడు.

"బాబూ, మీకోసం తెచ్చాను," అంది అక్క. "మా వాడికి ఇష్టమైన కూర. మీరన్న మాట నేను పడుకునేటప్పుడు రోజూ తలుచుకుంటున్నాను. నాకోసం ఇంకొక్కసారి అంటారా? రేడియోలో గరగరమంది. దగ్గరగా వినాలని ఉంది."

అక్క మూత తీసింది. కొబ్బరిపాల వాసన గేటు దగ్గరంతా కమ్ముకుంది. లవాయెన్ జేబులో ఫోను మోగుతోంది. తియ్యలేదు.

నేను ఎన్ని దొంగ మొహాలు చూశానో, ఎన్ని వేశానో. ఆ మనిషి అప్పుడు ఏ మొహమూ వెయ్యలేదు.

"అమ్మా, ఆ గొంతు నాది కాదు," అన్నాడు. ముక్కుతోనే అన్నాడు, కానీ ఆఖరి మాట మింగలేదు. "నోరెత్తొద్దని లాయరు చెప్పాడు. కానీ మీ కూర తిని ఊరుకోలేను. ఆ మాటలు నేను అనలేదు. అవి నిజమని నాకు తెలుసు. అనడానికి నాకు దమ్ము లేకపోయింది."

"మరెవరన్నారు?"

ఆయన నా వైపు చూడలేదు. అదీ ఒక మర్యాదే. కుండ నా చేతుల్లో ఉంది, దింపడానికి చోటు లేదు.

"నేనక్కా," అన్నాను.

అక్క కుండకి మూత పెట్టింది. తర్వాత నా చేతుల్లోంచి తీసుకుని లవాయెన్ చేతుల్లో పెట్టింది.

"తినండి బాబూ. వండింది ఎలాగూ వండాను. మీరు నాతో అబద్ధమాడలేదు."

తిరుగుదారిలో నేను వెనక నడిచాను. ఏదో ఒకటి అనాలి గదా. "అక్కా, నా వల్ల నీకు బాధ కలిగి ఉంటే..." అన్నాను.

ఆగి వెనక్కి తిరిగింది. "ఆ 'ఉంటే' ఎక్కడ నేర్చుకున్నావురా?"

ఆ తర్వాత మాట్లాడలేదు.


జూన్ 22

మాట్లాడలేదు.


జూన్ 26

అక్కకి చెప్పుకోవడానికి నాలుగు ముక్కలు రాద్దామని కూచున్నాను. 'నీ మంచి కోసమే' అని వచ్చింది, కొట్టేశాను. 'నా ఉద్దేశం అది కాదు' అని వచ్చింది, కొట్టేశాను. 'జరిగిన దానికి' అని మొదలెట్టి ఆగిపోయాను. జరిగిందట. దానంతటదే జరిగినట్టు. పరుపులవాడు నా చేతిలో దూరాడు.

రేవులో బుట్టలు ఇంకా ఆనించే ఉన్నాయి. ఊరికి ఇంకా తెలీదు. అక్క ఆ బుట్టల మధ్యన ఎలా కూచుంటోందో చూశాను. వేరేవాళ్ళ కుర్చీలో కూచున్నట్టు.

నిద్ర పట్టలేదు.


జూలై 1, మంగళవారం

కోర్టు. ఊరు ఊరంతా పడవల్లో వచ్చింది, ఫైలు మూసే పండగ చూద్దామని.

జడ్జమ్మ మాటలు తక్కువ మనిషి. "దియోసెలీనా గారూ, కంపెనీ చెప్పిన క్షమాపణ మీకు చాలునా?" అంది.

"చాలదమ్మా."

వెనక గుసగుసలు. ఎగాస్ లేచాడు. "జడ్జిగారూ, రేడియోలో వచ్చింది. ఊరంతా సాక్ష్యం."

"వచ్చింది," అంది అక్క. "కంపెనీ దగ్గర్నించి రాలేదు."

అక్క నా వైపు చూడలేదు. చూసి ఉంటే కూచునేవాణ్ణేమో. చూడకపోయేసరికి లేచాను. "అది నేనండీ. ఇంజనీరు గారి గొంతు నేను తీశాను. అప్పటికి మెల్బా గారికీ తెలీదు, మా అక్కకీ తెలీదు."

వెనకెవరో ఏడుపు మొదలెట్టారు, తెరేసో పెళ్ళాం అనుకుంటాను. నా జోకులకి ఏడ్చిన మొదటి మనిషి ఆవిడే.

ఎగాస్‌కి కోపం నిజంగా వచ్చింది. ఇన్నాళ్ళలో ఆయన్లో నేను చూసిన ఒకే ఒక్క నిజం అది. తెలిసిన సంగతి ఇప్పుడే తెలిసినట్టు నటించాల్సి రావడం వల్ల ఇంకా ఎక్కువ వచ్చింది. కంపెనీ పరువు, కంపెనీ పేరు, కంపెనీ గొంతు దొంగిలించడం, జైలు కేసు పెడతాం, అని ఊగిపోయాడు. "లేదా ఈయన మాకు బహిరంగంగా క్షమాపణ చెప్పాలి. ఇప్పుడే ఆదేశించండి."

"ఎలాంటి క్షమాపణ?" అంది జడ్జమ్మ.

"ఎలాంటిదేమిటండీ. మాకు ఏయే షరతులు పెట్టారో అవే. అదే రేడియో, అదే వేళ, వారం పాటు. పేర్లతో సహా. ఏమన్నాడో, ఏ అబద్ధం మా నెత్తిన పెట్టాడో, ఏదీ దాచకుండా పూర్తిగా చెప్పాలి. 'ఉంటే గింటే' కుదరదు. మమ్మల్ని పది నెలలు పట్టి పీడించారు గదా, ఈయన్నీ పీడించండి."

జడ్జమ్మ కలం కింద పెట్టింది. "లాయరు గారూ, ఒకసారి ఆలోచించుకుని చెప్పండి. పూర్తిగానా?"

"అక్షరం పొల్లుపోకుండా."

"ఏడు రోజులూ?"

"ఏడు రోజులూనండీ."

"రాసుకోండి," అంది గుమాస్తాతో. ఆవిడ మొహంలో ఏమీ లేదు. అంత ఏమీ లేకపోవడం నేర్చుకోవాలంటే నాకింకో జన్మ కావాలి.

కంపెనీ క్షమాపణకి ఇంకో గడువిచ్చారు. మళ్ళీ పరుపులవాడే వస్తాడు. లవాయెన్‌ని మచాలా వైపు బదిలీ చేసేశారట, కొత్తాయన వస్తాడట. పడవలో అక్క ముందు కూచుంది, నేను మోటారు దగ్గర.


జూలై 4

రేవులో బుట్టలు మళ్ళీ జరుగుతాయనుకున్నాను. పొద్దున పూట గుల్లలు ఏరే మెల్బా వదిన బుట్ట జరగలేదు, తెరేసో పెళ్ళాందీ జరగలేదు. మిగతావి జరిగాయి, పూర్తిగా కాదు. ఏమనుకోవాలో తెలియని మనుషులు ఎంత జరపాలో తెలియక జరిపినట్టు.

చదవాల్సిన కాగితం నేనే రాసుకోవాలి. మూడుసార్లు రాశాను. గొంతు సంగతి ఇంకా పెద్ద తంటా. ఫాదరు గొంతు వస్తుంది, బేరగాడిది వస్తుంది, లవాయెన్‌ది అడగకుండానే వస్తుంది. నాది ఎత్తుకుంటే ఎవరో జలుబు చేసినవాడు చదువుతున్నట్టుంది.


జూలై 7, సోమవారం

మొదటి రోజు.

మెల్బా వదిన తలుపు దగ్గర నిలబడింది, ఇవాళ ఎసరు పెట్టలేదు. ఎగాస్ మనిషి ఒకడు రికార్డు చెయ్యడానికి వచ్చి, ఆదేశం కాగితం ఒళ్ళో పెట్టుకుని టిక్కులు కొడుతూ కూచున్నాడు. గంట కొట్టింది. చదివాను.

"నా పేరు ఆర్సేసియో పనేసో. ఇంజనీరు లవాయెన్ గారి గొంతుతో ఈ మైకులో మాట్లాడింది నేను. అది తప్పు. కంపెనీ అనని మాటల్ని కంపెనీ అన్నట్టు చెప్పాను. కోర్టు ఆదేశం ప్రకారం ఆ మాటలు పూర్తిగా చెబుతున్నాను.

"ఉల్బియో నసారెనో పనేసో దొంగ కాదని కంపెనీ అనలేదు. అన్నది నేను. అతను మడలో గుల్లలు ఏరుకుంటున్నాడని, అతని బుట్టలో రొయ్య ఒక్కటి లేదని కంపెనీ ఇంతవరకూ ఒప్పుకోలేదు. ఒప్పుకుందని చెప్పింది నేను. తమ మనిషి కేకైనా వెయ్యకుండా కాల్చాడని కంపెనీ ఎన్నడూ చెప్పలేదు. చెప్పింది నేను. అతన్ని దొంగ అని కాగితం వేసింది కంపెనీ. అది అబద్ధమని తెలిసే వేశామని ఒప్పుకోనిదీ కంపెనీయే. ఒప్పుకున్నట్టు మిమ్మల్ని నమ్మించింది నేను.

"మా అక్క దియోసెలీనా కూడా నమ్మింది. పది నెలల తర్వాత ఆ రోజు నిద్రపోయింది. ఆ నిద్ర నేను దొంగిలించి ఇచ్చింది. మళ్ళీ నేనే లాక్కున్నాను. ఇది చెప్పమని కోర్టు అనలేదు."

ఎగాస్ మనిషి రెండో పేరా దగ్గర టిక్కు కొట్టడం ఆపాడు. కాగితం ఒకసారి, నన్నొకసారి చూశాడు. బయటికెళ్ళి ఎవరికో ఫోను చేశాడు. "అవును సార్, పూర్తిగానే. ఆదేశంలో ఉన్నట్టే సార్. ఏడు రోజులు సార్," అనడం వినపడింది. తర్వాత చాలాసేపు ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాడు.

ఇంటికెళితే అక్క గుమ్మంలో గుల్లలు కడుగుతోంది. రేడియో పక్కనే ఉంది. ఎదురుగా నేల మీద కూచున్నాను. పదహారు రోజులుగా నాతో మాట్లాడని మనిషి, ఇవాళ మాట్లాడుతుందని ఏముంది. అయినా అడిగాను, ఆవిడ నన్నడిగినట్టే.

"నువ్వు చెప్పక్కా. మనసులోంచి అన్నట్టేనా?"

చేతిలో గుల్ల కడిగింది. ఇంకోటి కడిగింది.

"చివరి ముక్క అయితే అవును," అంది. "మిగతాదాన్లో కంపెనీని క్షమించమని అడిగినట్టు ఎక్కడా లేదు. ఒక్క చుక్క విచారం లేదు."

"మార్చమంటావా?"

"మార్చకు." నీళ్ళు పారబోసి లేచింది. "వాడి పేరు గబగబా అనేశావు. వెనక వీధిలో సగం మందికి అందలేదట. రేపు అక్కడ ఆగి చదువు."